సీటు చెప్పి సమీక్ష రాసిన మనిషి

మాస్టారు పోయారు. నిన్న మెట్టుగూడలో చర్చి పక్క హాల్లో ఆయన ఆదరణ కూడిక జరిగింది. ఈ మధ్య నేను ఇల్లు కదిలి వెళ్తున్నది ఇలాంటి చోట్లకే. మల్కాజ్‌గిరి నుంచి ఆటోలో వెళ్లి, వెనక వరసలో ఫ్యాను కింద ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాను. పాట పాడారు, వాక్యం చదివారు, తర్వాత ఒక్కొక్కరే లేచి ఆయన గురించి మాట్లాడారు. గొప్ప ఉపాధ్యాయుడన్నారు. గొప్ప విశ్వాసి అన్నారు. గొప్ప రచయిత అని కూడా ఒకాయన అన్నారు. మాస్టారు రాసినవి సినిమా సమీక్షలని ఆయనకు తెలుసో లేదో. నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. ఓపిక లేదని చేత్తో సైగ చేశాను. నిలబడటానికి ఓపిక ఉంది. అందరూ ఒకే దిక్కు నుంచి మాట్లాడిన చోట ఇంకో దిక్కు నుంచి మాట్లాడటానికే లేదు.

ఆ కూడిక మీద సమీక్ష రాయాల్సి వస్తే మాస్టారు ఏం రాసేవారో నేను ఊహించగలను. "వెనక వరసలో కూర్చున్నాను. ఫ్యాను చప్పుడుకి సగం మాటలు వినబడలేదు. వినబడినంత వరకూ అన్నీ పొగడ్తలే. పోయిన మనిషిలో ఒక్క లోపమైనా చెప్పి ఉంటే అతనెవరో నాకు తెలిసేది."

అందుకని ముందు లోపాలు చెప్పేస్తాను. సినిమా నడుస్తున్నంతసేపూ లవంగాలు నమిలేవారు, పక్క సీట్లకు వినబడేలా. ఎదుటివాళ్లు మాట పూర్తి చేయకముందే తల ఊపి జవాబు మొదలుపెట్టేవారు. ముప్పై మంది పిల్లల ముందు నిలబడి బతికిన మనిషికి అది పోయే అలవాటు కాదు. పెళ్లి భోజనాల దగ్గర, పిలిచినవాళ్లు ఎదురుగా ఉండగానే సాంబారుకి వంక పెట్టేవారు. మెచ్చుకోవాలంటే ప్రాణం పోయేది. ఆయన భార్య కూడా టీచరే. నేను ఆమెను టీచరమ్మా అనేవాణ్ణి, ఆమె నన్ను అన్నయ్యగారూ అనేది.

"పెళ్లయిన రోజు నుంచీ చూస్తున్నా అన్నయ్యగారూ, నా పప్పుచారుకి 'అయితే' అని తగిలించకుండా ఒక్క ముద్ద తిన్నది లేదు ఈయన," అనేది ఆమె.

"బాగుందని ముందే అన్నానుగా," అనేవారు మాస్టారు.

"అన్నారు. తర్వాత 'అయితే' అన్నారు. నాకు వినబడేది రెండోదే."

వాళ్లది గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. మాస్టారు బళ్లో సైన్సు చెప్పేవారు. మా వాళ్లు తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లు, నాది గుమాస్తా ఉద్యోగం. మేం కలిసింది ఒక సినిమా హాల్లో. ఆ హాలు ఇప్పుడు లేదు, దాని స్థలంలో బట్టల దుకాణం ఉంది. ఆట మధ్యలో కరెంటు పోయింది. జనం ఈలలు, కేకలు. నా పక్క సీటాయన మాత్రం చీకట్లోనే టికెట్ వెనక ఏదో రాసుకుంటున్నాడు.

"ఏం రాస్తున్నరు సార్ చీకట్ల?" అని అడిగాను.

"కరెంటు పోయిందని."

"అది సినిమాల ఉన్నది గాదు గద?"

"నేను చూసినదాంట్లో ఉంది కదా బ్రదర్. మళ్లీ కరెంటు వచ్చేసరికి నాకు చిరాకు ఉంటుంది. ఆ చిరాకులో హీరో తల్లి చచ్చిపోతుంది. నాకు ఏడుపు రాదు. తప్పు ఆవిడదా, కరెంటుదా? చదివేవాళ్లకి చెప్పాలా వద్దా?"

అప్పుడు తెలిసింది, ఒక చిన్న వారపత్రికలో పొడి అక్షరాలతో వచ్చే సినిమా సమీక్షలు ఈయనవేనని. నేను అవి చదివేవాణ్ణి. వాటికి ఒక వింత పద్ధతి ఉండేది. ఏ సమీక్ష అయినా ఆయన కూర్చున్న చోటుతోనే మొదలయ్యేది. "బాల్కనీలో కుడి చివర కూర్చున్నాను, జలుబుగా ఉంది." "ముందు వరసలో మెడ ఎత్తి చూశాను." "నా వెనక ఒక పసిబిడ్డ విరామం దాకా ఏడ్చింది, అందువల్ల మొదటి సగంలోని పాటల గురించి నేను చెప్పేది పూర్తిగా నమ్మవద్దు." ఇదేమి చాదస్తమని కొందరు నవ్వేవారు. నాకు మాత్రం ఆ వాక్యం చదివాక మిగతాది నమ్మబుద్ధేసేది. తనెక్కడి నుంచి చూశాడో చెప్పిన మనిషి మీద కోపం రాదు. ఒప్పుకోకపోయినా కోపం రాదు.

పరిచయం పెరిగాక ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. సినిమా వదిలాక బస్‌స్టాప్ దాకా ఆ సినిమా గురించి ఒక్క మాట మాట్లాడనిచ్చేవారు కాదు. నాకేమో నోరు ఊరుకోదు. "మాస్టారూ, ఆ క్లైమాక్సు..." అని మొదలుపెడితే చేయి అడ్డం పెట్టేవారు.

"రేపు బ్రదర్. ఇప్పుడు మాట్లాడేది మనం కాదు, ఆ చివరి ఫైటు."

మర్నాడు పొద్దున్నే నేను వెళ్లేసరికి కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో ఉండేవారు. పడుకుని లేచాక ఆ సినిమాలో ఏం మిగిలిందన్నదే ఆయన మొదటి ప్రశ్న. ఒక్కోసారి మూడు గంటల సినిమాలో ఒక తలుపు చప్పుడు మిగిలేది. ఒక్కోసారి ఏమీ మిగిలేది కాదు. అప్పుడు ఆయన దిగులుగా ఉండేవారు. కోపం ఉండేది కాదు. "పాపం, ఎంతమంది ఎండలో నిలబడి తీసుంటారో," అనేవారు.

తనకు నచ్చని సినిమా అయితే, దానిలో ఎవరి పని బాగుందో వెతికి ముందు వాళ్ల సంగతి రాసేవారు. బాగా నచ్చిన సినిమా అయితే కంగారుపడేవారు. "ఇది నా మనసుకి తగిలింది, అంతవరకు నిజం. వేరేవాళ్ల మనసుకి ఎందుకు తగలదో ఆలోచించకుండా రాస్తే అది ప్రేమలేఖ అవుతుంది," అనేవారు. కథ చెప్పేవారు కాదు. 'అద్భుతం' అనే మాట, 'చెత్త' అనే మాట ఆయన రాయగా నేను చూడలేదు. రాయడం అయ్యాక దర్శకుడు ఎదురు కుర్చీలో కూర్చున్నట్టు ఊహించుకుని పైకి చదివేవారు. ఆ మనిషి ముఖం మీద అనలేని వాక్యం ఏదైనా తగిలితే కొట్టేసేవారు. నిందలు ఎన్ని కొట్టేశారో, పొగడ్తలు కూడా అన్ని కొట్టేశారు.

శుక్రవారం విడుదలైన సినిమాకి ఆయన సమీక్ష సోమవారానికి గాని వచ్చేది కాదు. శనివారం చూడటం, ఆదివారం చర్చి, ఆ సాయంత్రం రాయడం. పత్రిక కాగితం మీద ఆగిపోయి ఫోన్లోకి మారాక కూడా ఆ లెక్క మారలేదు. సంపాదకుడు, మంచివాడే, ఎన్నోసార్లు బతిమాలాడు. "సార్, సోమవారానికి సినిమానే ఎత్తేస్తున్నరు, మనం ఎవ్వరి కోసం రాస్తున్నం?" అని. మాస్టారు ఆ ప్రశ్న న్యాయమైనదేనని ఒప్పుకున్నారు. ఒప్పుకుని సోమవారమే పంపారు.

మల్టీప్లెక్స్ మెట్ల దగ్గర ఒక మధ్యాహ్నం జరిగింది గుర్తుంది. మేం బయటికి రాగానే మైకు పట్టుకున్న ఒక అమ్మాయి, ఆమె వెనక ఫోన్ పట్టుకున్న ఇంకొకామె అడ్డం వచ్చారు.

"అంకుల్, మూవీ ఎట్లుంది? ఒక్క ముక్కల చెప్పుండ్రి."

"ఒక్క ముక్కలో చెప్పగలిగితే అంతసేపు ఎందుకు తీశారమ్మా?"

"అట్ల గాదు అంకుల్. హిట్టా, ఫట్టా? ఐదుకు ఎన్ని ఇస్తరు?"

"మార్కులు వేసీ వేసీ రిటైరయ్యాను తల్లీ. రేపు పొద్దున్న మెట్టుగూడ రా, కాఫీ తాగుతూ చెబుతాను."

"రేపటికి ఎవ్వరు చూస్తరు అంకుల్!" అని ఆ అమ్మాయి నవ్వి ఇంకొకరి వైపు పరుగెత్తింది. మాస్టారూ నవ్వారు. మెట్లు దిగుతూ మాత్రం రెయిలింగు గట్టిగా పట్టుకున్నారు. ఒక మెట్టుని కాలితో తడిమి చూసుకున్నారు. వయసు అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఆయన సమీక్షల్లో ఒక మార్పు వచ్చింది. ఎవరూ గమనించని వాటి గురించి రాయడం మొదలుపెట్టారు. హీరో హీరోయిన్లు మాట్లాడుకుంటుంటే వెనక కిటికీలో ఊగే పరదా. పెళ్లి సీనులో ఓ మూల ఒంటరిగా కూర్చుని విస్తరి కడుగుతున్న ముసలామె. గొడవ జరుగుతుంటే గోడ పక్కగా జారుకునే కుక్క. చదివినవాళ్లకి కొత్తగా ఉంది. "ఇది మేం చూడలేదే" అని మళ్లీ సినిమాకి వెళ్లినవాళ్లున్నారు. ఒక కెమెరామన్ అయితే పత్రికకు ఫోన్ చేసి, నా పని ఇంత శ్రద్ధగా చూసినవాళ్లు లేరని కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. సంపాదకుడి ఆనందానికి అంతు లేదు. "సార్, మీరు ఈ మధ్య వేరే లెవెల్‌కు పోయిన్రు," అన్నాడు. అన్ని ఏళ్లు రాసినా రాని పేరు ఆ కొద్ది నెలల్లో వచ్చింది.

ఒక రోజు వాళ్ల వరండాలో కూర్చుని మాట్లాడుతుంటే ఆయన చూపు నా మీద లేదు. నా భుజం అవతల గోడ మీద ఉంది. వెనక్కి తిరిగి చూశాను, అక్కడేమీ లేదు.

"మాస్టారూ, నన్ను సూస్తలేరా, ఎటు సూస్తున్నరు?"

"నిన్నే చూస్తున్నా. సూటిగా చూస్తే నువ్వు కనబడవు బ్రదర్. కాస్త పక్కకి చూస్తే నీ చెవీ, చొక్కా అంచూ కనబడతాయి."

కంటి వెనక పొర మధ్యభాగంలో అరిగిపోయిందట. రెండు కళ్లకూ. అంచుల్లో చూపు ఉంటుంది, నడుమ ఉండదు. డాక్టరు చెప్పి చాలా రోజులయింది. ఇంజెక్షన్లతో కుదరలేదు. టీచరమ్మకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. పరదా, ముసలామె, కుక్క, అవన్నీ తెర అంచుల్లోవి. మధ్యలో ముఖాలు ఉన్నచోట ఆయనకు మసక ముద్ద తప్ప మరేమీ కనబడటం లేదు.

"జలుబు చేస్తే రాశాను. కరెంటు పోతే రాశాను," అన్నారు ఆయన. "ఇది రాయలేదు. ప్రతివారం మొదటి వాక్యం దగ్గర ఆగిపోతున్నా. 'ఎడమవైపు మధ్య వరసలో కూర్చున్నాను' అని రాసి ముందుకు పోతున్నా. సీటు చెప్పి కళ్లు దాచిపెడుతున్నా."

ఆ తర్వాతి వారం ఒక కొత్త దర్శకుడి సినిమా. ఊరంతా హీరోయిన్ ముఖం గురించే మాట్లాడుకుంటోంది, మాటల్లేకుండా కళ్లతోనే చేసిందని. మాస్టారు నన్ను రమ్మన్నారు. లైట్లు ఆర్పాక నా చెవి దగ్గర వంగి, "ఆమె ముఖం ఎలా ఉందో చెబుతుండు," అన్నారు. నేను చెప్పాను. ఇప్పుడు తల దించింది. ఇప్పుడు కళ్లల్ల నీళ్లు ఉన్నయి గానీ కారుతలేవు. ఇప్పుడు నవ్వబోయి ఆపింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "అంకుల్, జెర సైలెన్స్. ఇది రేడియో గాదు," అన్నాడు. చుట్టూ నవ్వారు. నేను గొంతు తగ్గించి సినిమా అయిపోయేదాకా చెబుతూనే ఉన్నాను. అంత అలసట నాకు ఏ ఆఫీసు పనిలోనూ రాలేదు. చూసినదాన్ని మాటల్లో పెట్టేలోపల ఆ ముఖం మారిపోతోంది. నేను ఒకటి చెబుతుంటే తెర మీద రెండోది నడిచిపోతోంది.

ఆదివారం సాయంత్రం వెళ్లాను. ఆయన చెబుతుంటే టీచరమ్మ ఫోన్లో టైపు చేస్తోంది. హీరోయిన్ గురించి రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయారు.

"కొట్టెయ్," అన్నారు. "అది ఇతను చూసిన ముఖం. నేను చూసింది కాదు. 'నవ్వబోయి ఆపింది' అన్నాడు. నవ్వబోయిందో, భయపడిందో, ఇతనికి నవ్వులా కనబడిందో."

ఆ మాట నాకు గుచ్చుకుంది గానీ అబద్ధం కాదు.

తర్వాత ఆయన మొదటి వాక్యం చెప్పారు. టీచరమ్మ టైపు చేయలేదు. మళ్లీ చెప్పారు. ఆమె ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టింది.

"ఇది రాస్తే ఇంక రాయనిస్తారా మిమ్మల్ని? కళ్లు కనబడని మనిషి సినిమా సమీక్షలు రాస్తున్నాడని నవ్వరా?"

"నవ్వొచ్చు."

"అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి. ఈ మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకునేది వారానికి రెండు రోజులు. ఒకటి దేవుడి కోసం, రెండోది సినిమా కోసం. ఆ రెండోది పోతే రోజంతా ఈ వరండాలోనే కూర్చుంటాడు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఎవరికి నష్టం? ఎవరిని మోసం చేశాడని?"

ఆమె చెప్పిందీ నిజమే. పరదా నిజం, కుక్క నిజం, చూడనిది చూశానని ఆయన ఎక్కడా రాయలేదు. ఇంకో ఏడాది అలాగే గడిచిపోయేది. మాస్టారు నా వైపు తిరిగారు. మెల్లగా అన్నారు.

"ముఖాల గురించి ఎందుకు రాయలేదని చదివేవాడు అనుకుంటాడు. మాస్టారికి ఆ అమ్మాయి నటన నచ్చలేదేమో అనుకుంటాడు. ఆ పిల్లకి ఇది మొదటి సినిమా. నేను మాట్లాడకపోవడం కూడా ఆమె మీద తీర్పే అవుతుంది కదే."

టీచరమ్మ ఫోన్ తీసి టైపు చేసింది. ముక్కు తుడుచుకుంటూ చేసింది. ఆ వాక్యం ఇది: "నా కంటి నడుమ చూపు పోయింది, కనుక ఈ సినిమాలో ముఖాలు నేను చూడలేదు, వాటి గురించి నా మౌనాన్ని ఎవరూ అభిప్రాయంగా తీసుకోవద్దు."

మంగళవారం నాకు ఫోన్ చేసి రమ్మన్నారు. నేను వెళ్లేసరికి టీచరమ్మ పత్రికలో వచ్చిన సమీక్షను ఫోన్లో తెరిచి ఆయనకు చదవబోతోంది. మొదటి మాట ఆమె నోటి దాకా వచ్చి ఆగింది, మాస్టారు చెప్పిన వాక్యం అక్కడ లేదు. ఆమె నా వైపు చూసింది. కావాలంటే ఆ వాక్యాన్ని తనే కలిపి చదివేయొచ్చు, ఆయనకు తెలిసే దారి లేదు. ఆమె కలపలేదు.

"ఆ వాక్యం లేదండీ," అంది. "రెండో వాక్యం దగ్గర్నుంచి మొదలుపెట్టారు."

సంపాదకుడు ఆ సాయంత్రం తనే వచ్చాడు. సంచీలో ద్రాక్షపళ్లు తెచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"సార్, కోపం చేయకుండ్రి. నేను మీ మంచికే తీసేసిన. ఒక్క లైన్ గద. మిగిలిందంతా సూపర్ ఉంది. జనం మీ కోసమే చదువుతున్నరు ఇప్పుడు. ఆ లైన్ వేస్తే రేపటి నుంచి మీరు ఏం రాసినా, పాపం గుడ్డాయన అని చదువుతరు. అది నేను తట్టుకోలేను సార్."

"పాపం అనుకునే చదవనీ. చదివేవాడి హక్కు అది."

"మరి కావాలంటే కాలమ్ పేరు మార్చుదాం సార్. 'తెర అంచులు' అని పెడదాం. మీకు కనబడేదే రాయండి. కళ్ల సంగతి మాత్రం వద్దు."

మంచి ఉపాయమే. నేనైతే ఒప్పుకునేవాణ్ణి. మాస్టారు కూడా కాస్త ఊగారని ఇప్పటికీ అనుకుంటాను, లవంగం నమలడం ఆపేశారు.

"ఆ వాక్యం వేస్తే రాస్తాను," అన్నారు. "వెయ్యకపోతే ఈ వారంతో సరి. నీ మీద కోపం లేదు నాయనా. నువ్వు నన్ను కాపాడదామనే చేశావు. కానీ నన్ను కాపాడటం చదివేవాళ్ల పని కాదు."

సంపాదకుడు లేచాడు. మాస్టారి మోకాలి మీద చేయి వేసి, వెళ్లిపోయాడు. గేటు చప్పుడయింది. టీచరమ్మ ద్రాక్షపళ్లు కడగడానికి లోపలికి వెళ్లింది, కుళాయి తిప్పింది, చాలాసేపు కట్టలేదు.

ఆయన కాలమ్ అక్కడితో ఆగింది. ఆరోగ్యం బాగాలేదని పత్రికలో చిన్న ముక్క వేశారు. నిన్న కూడికలో కూడా అదే చెప్పారు.

ఆ సాయంత్రం మాత్రం ఆయన, గేటు చప్పుడు ఆగిపోయాక, నా భుజం అవతలికి చూస్తూ అడిగారు.

"వెళ్లేటప్పుడు అతని ముఖం ఎలా ఉంది బ్రదర్? బాధపడ్డాడా, విసుక్కున్నాడా?"

బాధపడ్డాడని చెప్పడం తేలిక. ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టేది. చాలావరకు నిజమే అయి ఉండేది కూడా.

"నేను సూడలేదు మాస్టారూ," అన్నాను. "మిమ్మల్నే సూస్తున్న."

మాస్టారు తల ఊపి నవ్వారు. ఆ నవ్వు నేను చూశాను.